అక్క పెట్టని చుక్క

మా మేనకోడల్ని చిత్రకళ డిగ్రీలో చేర్పించడానికి చిక్కబళ్ళాపురం తీసుకెళ్ళి, నేను చేరి వచ్చాను. ఇదెలా జరిగిందని ఇప్పటికీ అడుగుతుంటారు. అడిగిన మనిషిని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో విధంగా చెప్పాను కాబట్టి అసలు సంగతి నాకే కొంచెం కలగాపులగమైపోయింది. గుర్తున్నంతలో ఇంత: ఆ పిల్ల కాలేజీ మెట్ల మీద కూలబడి, "మామా, నాకు బొమ్మలొద్దు, బీకామ్ చేస్తా. అమ్మకు నువ్వే చెప్పు" అంది. లోపల కౌంటర్ దగ్గర గుమాస్తా "ఎవర్దప్పా అడ్మిషను? బిన్నా రండి, టైమైపోతాంది" అని అరుస్తున్నాడు. వెనక్కి వెళ్ళి మా అక్కకు ఆ మాట చెప్పే ధైర్యం లేక, ముందుకు వెళ్ళాను.

"నాదే" అన్నాను.

గుమాస్తా నా తల వైపు చూశాడు. అప్పటికే నలుపు కన్నా తెలుపు ఎక్కువ. వయసుకు అడ్డు లేదని పక్కనున్నాయన చెప్పాక, నిట్టూర్చి సంతకం ఎక్కడ చేయాలో చూపించాడు.

మాది బాగేపల్లి తాలూకా పాతపాళ్య. వేరుశనగ విత్తడం, వాన కోసం ఎదురుచూడడం, ఆ మధ్యలో అంగళ్ళకు బోర్డులు రాయడం నా పని. చింతామణిలో ఒక మండీ గోడ మీద నేను వేసిన టమోటా చూసి, దించుకోవడానికి ఒక వ్యాపారి కూలీలను పిలిచాడు. బాగేపల్లిలో ఒక గోడ మీద నీళ్ళ నల్లి బొమ్మ వేస్తే ఆడవాళ్ళు బిందెలు వరస పెట్టారు. నీళ్ళు రాలేదని కొందరు గలాటా చేశారు, వచ్చాయని కొందరు పట్టుకుపోయారు. నమ్మడం మీ ఇష్టం. ఆ గోడ ఇప్పుడు లేదు. తరవాత ఫ్లెక్సులు వచ్చాయి, నా కుంచెలు ఎండిపోయాయి.

కాలేజీలో చేరానని చెబితే మా ఇంటామె చేటలో వేరుశనగ కాయలు చెరుగుతూ తల కూడా ఎత్తలేదు. "పోతే పో సామీ. నువ్వు సదువుకునే నాలుగేండ్లూ ఇంట్లో కతలన్నా తగ్గుతాయి" అంది.

రోజూ పాతపాళ్య నుంచి వచ్చి పోలేను కాబట్టి మండికల్లులో మా అక్క ఇంట్లో మకాం. అక్కకు సీమావులున్నాయి, జెర్సీ జాతివి. పొద్దున్నా సాయంత్రం పాలు పిండి డైరీకి పోస్తుంది. నేను చేసిన ఘనకార్యం విని పాల క్యాను కింద పెట్టేసింది.

"పాపను చేర్చి రారా అంటే నువ్వు చేరొస్తివా? నీకేమన్నా పిచ్చి గిచ్చి పట్టిందా?"

"సీటు ఊరికే పోతాందని అక్కా."

"బస్సులో సీటా అది, ఊరికే పోతాందని కూర్చునేకి?" క్యాను మళ్ళీ ఎత్తుకుని, "సరే, పసుల కొట్టం పక్కన గది ఖాళీగా ఉండాది. ఆడ గీసుకో. ఆ నూని వాసన ఇంట్లోకి తెచ్చినావంటే చూడు" అంది.

మొదటి రోజు నేను క్లాసులోకి అడుగు పెట్టగానే పిల్లలంతా లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ సర్" అన్నారు. కూర్చోమన్నాను, కూర్చున్నారు. ఇక కాదనడం బాగుండదని, అసలు టీచరు వచ్చేదాకా అక్షరాల నీడ ఎటు పడాలో పాఠం చెప్పాను. టీచరు తలుపు దగ్గర నిలబడి చివరిదాకా విన్నదట. ఆమెది చింతామణి. మా మేనకోడలికి అక్కలా ఉంటుంది. నేను ఆమెను మేడమ్ అనేవాణ్ణి, ఆమె నన్ను అప్పా అనేది. ఎవరు ఎవరికి లేచి నిలబడాలో చివరిదాకా మా ఇద్దరికీ తేలలేదు.

మొదటి పాఠం కుర్చీ. గది మధ్యలో ఒక కుర్చీ పెట్టి, కనబడినట్టు వేయమన్నారు. నేను వేశాను. మేడమ్ వచ్చి నా వెనక నిలబడింది.

"అప్పా, కుర్చీ కింద పిల్లి ఏంటికి వచ్చింది?"

"కుర్చీ ఉంటే పిల్లి వస్తాది మేడమ్."

"వచ్చినాక వేద్దురు గాని. ఇప్పుడు యాడుండాది?"

అదే నా రోగం. ఉన్నది వేయమంటే నా చెయ్యి ఉండవలసింది వేస్తుంది. చెట్టు వేయమంటే దాని మీద కోతి, కోతి చేతిలో ఎవరిదో కళ్ళజోడు. రెండో సంవత్సరంలో మేడమ్ ఒకసారి నా బొమ్మలన్నీ నేల మీద పరిచి, చాలాసేపు చూసి, "అన్నీ ఉండాయి గాని, వీట్లో మీరు యాడుండారప్పా?" అంది. నిజమే కదా అనుకుని, ఆ తరవాత వేసిన ప్రతి బొమ్మలోనూ ఒక మూలన నన్ను నేను వేసుకున్నాను, మీసంతో సహా. అది చూసి ఆమె నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయింది. ఆమె అడిగింది అది కాదని అర్థమైంది. అడిగింది ఏమిటో మాత్రం అర్థం కాలేదు.

బోర్డులు రాసే రోజుల్లో ఈ బాధ లేదు. అంగడివాడు కాఫీ తెప్పిస్తే బాగున్నట్టు, మూతి ముడిస్తే లేనట్టు. ఇక్కడ ఎవరూ మూతి ముడవరు. అందరూ తల ఒక పక్కకు వాల్చి "ఊఁ" అంటారు. పిల్లలు ఫోన్లో ఫోటో తీసుకుని "సూపర్ అంకుల్" అంటారు. నాకు కావలసింది ఒకటే: నేను బొమ్మలు వేసేవాణ్ణా, లేక ఉత్త బోర్డులవాణ్ణా? ఇది ఎవరైనా తేల్చి చెప్పాలి. చెప్పరు. ఇన్నేళ్ళు ఊరందరికీ అబద్ధాలు పంచినవాడికి ఒక నిజం తిరిగి ఇవ్వాలని ఎవరికీ తోచదు కాబోలు.

చుక్క సంగతి మూడో సంవత్సరంలో మొదలైంది.

అక్క సీమావును నూనె రంగుల్లో వేసి, కాలేజీలో అందరి బొమ్మలతో పాటు గోడకు ఆనించాను. మేడమ్ ఒక్కొక్కటీ చూస్తూ వచ్చి నా దాని ముందు ఆగింది. వంగింది. ఆవు పొట్ట మీద, వెనక కాలికి కొంచెం పైన, నల్లటి చుక్క. నేను పెట్టింది కాదు. ఈగేమోనని విదిలించబోయి, అందరూ చూస్తున్నారని ఆగాను.

"ఇదేందప్పా? దిష్టి చుక్క మాదిరుండాది."

దిష్టి చుక్క అని ఒప్పుకుంటే ఎంత చిన్నతనం! అసలు అదేమిటో నాకే తెలియదు, అందుకని నోరు దానంతట అదే తెరుచుకుంది.

"అంత తేలిగ్గా తీసుకోకండి మేడమ్. మనిషి దేన్ని చూసినా, అందులో తనకు కనపడనిది ఒకటి ఉంటాది. ఆ కనపడనిది కనపడితే ఎట్లుంటాదో, అదే ఈ చుక్క."

వెనక వరసలో ఒకమ్మాయి ఆ మాటను ఫోన్లో ఎక్కించుకుంది. మేడమ్ ఆవును చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఆవును చూసింది. "ఇన్ని దినాలకు ఒక మాట చెప్పినారప్పా. దీన్నే పట్టుకోండి, వదలద్దు" అంది. ఆ వారంలోనే క్లాసులో సగం బొమ్మల మీద చుక్కలు మొలిచాయి.

ఇంటికి వచ్చి, కొట్టం పక్క గదిలో ఉన్న మిగతా బొమ్మలు వెలుతురులోకి తెచ్చి చూస్తే దూడకుంది చుక్క. పంచె జారి నిద్రపోతున్న మా బావ పొట్టకుంది. ఫోన్ చూసుకుంటున్న మేనకోడలి చెవి వెనక ఉంది. దాన్ని వేలితో తడిమితే నల్లగా అంటింది. వాసన చూశాను. ఆముదం దీపం మీద పట్టిన కాటుక.

"అక్కా, నా బొమ్మలకి నువ్వేమన్నా చేస్తాండావా?"

"చుక్క పెట్టినాలే" అంది గడ్డి వేస్తూ, ఉప్పు వేశాను అన్నంత మామూలుగా. "ఆవును అంత దిట్టంగా వేస్తివి, ఊరంతా మోసుకోని తిరుగుతాండావు. ఎవరి కన్ను ఎట్లాంటిదో. బొమ్మకి తగిలితే ఆవుకి తగలదా? మొన్న పాలు తగ్గలేదా?"

ఆ పూట నాకు అన్నం సయించలేదు. మేడమ్ ముందు అంత పెద్ద మాట చెప్పి వచ్చాను, ఇక్కడ చూస్తే పాలు తగ్గిన సంగతి. అయినా ఒక పక్క లోపల పొంగు. దిట్టంగా వేస్తివి అంది కదా! దిష్టి తగిలేంత బాగుందనే కదా దానర్థం. ఇన్నాళ్ళకు ఒక మనిషి తేల్చి చెప్పింది, నోటితో కాకపోయినా వేలితో.

అప్పటి నుంచి బొమ్మ పూర్తి కాగానే గది తలుపు కావాలని బార్లా తెరిచి పెట్టి, డైరీ దాకా పోయి వచ్చేవాణ్ణి. తిరిగొచ్చి చుక్క వెతుక్కునేవాణ్ణి. ఉంటే ఆ రోజు మా బావకు కూడా నేనే కాఫీ పెట్టేవాణ్ణి.

కానీ లెక్క కుదరలేదు. తెల్లవారుజామున మంచులో నందికొండ వేశాను, నా మట్టుకు నేను మురిసిపోయాను. చుక్క లేదు. పరీక్ష కోసం కావాలనే ఒక ఆవును మూతి వంకరగా, కాళ్ళు కురచగా వేశాను. దానికి పెట్టింది. మేడమ్ ఎంతో మెచ్చుకున్నది ఇంకొకటుంది. రంగు డబ్బా కాలికి తగిలి కాన్వాసు మీద ఒలికిపోతే, ఒలికిందని చెప్పలేక దానికి 'ఎండిన చెరువు' అని పేరు పెట్టాను. దాన్ని అక్క వాకిలి దగ్గరే పక్కకు నెట్టేసింది. ఆఖరి సంవత్సరం ప్రదర్శనకు అన్ని బొమ్మలకూ చుక్క ఉండాలి, ఎందుకంటే గోడ మీద అంటించే పరిచయపు అట్టలో మేడమ్ నా 'కనపడనిది' సిద్ధాంతం రాయించేసింది. అందుకని చుక్కలేని వాటికి నేనే పెట్టాను. నల్ల రంగుతో, సన్న కుంచెతో. కొండ మీద అది కాకిలా ఉంది. తుడిచేశాను. కాటుక తీసుకుని వేలితో పెట్టాను. ఈసారి మరకలా ఉంది. అదీ తుడిచేశాను. నలభై ఆరేళ్ళవాణ్ణి, ఒక చుక్క పెట్టడం రాలేదు.

చివరికి అక్కనే బతిమాలాను. "వీటికి గూడా పెట్టక్కా. పరీక్ష ఉండాది."

'ఎండిన చెరువు'ను అటూ ఇటూ తిప్పి చూసింది. ఏది పైనో నాకూ తెలియదు కాబట్టి ఊరుకున్నాను.

"దీనికి ఎవుని కన్ను తగుల్తాదిరా?"

"కొండకన్నా పెట్టు."

"కొండకేం దిష్టి? దాన్నేమన్నా ఎవరన్నా ఎత్తకపోతారా?"

అప్పుడు నాకొక దారి కనబడినట్టయింది. పశువైనా మనిషైనా, మా వాళ్ళదైతేనే అక్క పెడుతుంది. బాగుండడంతో పని లేదేమో. లేదు, వంకర ఆవును కూడా మన ఆవే అని గుర్తు పట్టింది కాబట్టి అందులో ఏదో బాగున్నట్టే. ఇలా ఎంత తిప్పుకున్నా ఎక్కడికీ తేలేది కాదు. సరే, తేల్చుకోవడానికి ఒకటే మార్గమని అక్కనే వేయడం మొదలుపెట్టాను.

పొద్దున పాలు పోసి వచ్చాక అక్క కొట్టం అరుగు మీద కాళ్ళు బారచాపుకుని కూర్చుని టీ తాగుతుంది. రోజంతటిలో ఆమె కూర్చునేది అప్పుడే. అరికాళ్ళు మనకెదురుగా ఉంటాయి, పగుళ్ళలో పేడ ఆరి ఉంటుంది. నేను ఎదురుగా కూర్చుని వేస్తుంటే మొదట్లో గొణిగింది. "నన్నేంటికిరా, వేరే పని లేదా నీకు?" తరవాత అలవాటైపోయి, నన్ను మరచిపోయి టీ తాగింది. చిత్రమేమిటంటే ఆ బొమ్మలోకి పిల్లి రాలేదు. కోతి రాలేదు. నా మీసం రాలేదు. రానివ్వకూడదని పట్టుపట్టింది కూడా లేదు. చూస్తూ ఉంటే ఆ కాళ్ళే సరిపోయాయి. ముఖం కన్నా అరికాళ్ళ మీదే ఎక్కువ రోజులు గడిచాయి. సగంలో కాలేజీకి తీసుకెళితే మేడమ్ చూసి, "కాళ్ళు ఇంత పెద్దవేందప్పా?" అంది. ఉన్నాయి మేడమ్ అన్నాను. ఆమె ఇంకేదైనా చెబుతానేమోనని ఎదురుచూసింది. నేను కుంచె కడుక్కోవడంలో పడ్డాను.

బొమ్మ పూర్తయింది. తలుపు బార్లా తెరిచి పెట్టాను. డైరీకి పోయి వచ్చాను. చుక్క లేదు.

మర్నాడూ లేదు. కాటుక డబ్బాను ఎవరో వాడినట్టుగా గూట్లోంచి తీసి ఆమె కళ్ళబడేలా కిటికీలో పెట్టాను. దాన్ని తీసి మళ్ళీ గూట్లో పెట్టేసింది. దగ్గరికెళ్ళి "చూసినావా అక్కా?" అంటే, "చూస్తి. నేనింత నల్లగా ఉండానా?" అని గడ్డికి వెళ్ళిపోయింది. వంకర మూతి ఆవుకు పెట్టిన మనిషి ఆమె! అరికాళ్ళ కోసం నేను కళ్ళు పోగొట్టుకున్నాను. దీనికి కూడా లేదంటే, ఇక నేను గోడ మీద టమోటాలకే పనికొస్తాను.

పరీక్ష రోజు పొద్దున పాల టెంపోలోనే బొమ్మలు ఎక్కించాము. క్యాన్ల మధ్య ఆవు, దూడ, బావ పొట్ట. అక్క బొమ్మ నా చేతిలో ఉంది. టెంపో అబ్బి హారన్ కొడుతున్నాడు. ఇక ఉండబట్టలేకపోయాను.

"అందరికీ పెడ్తివి, దీనికి ఏంటికి పెట్టలేదక్కా? బాగలేదా? బాగలేకుంటే బాగలేదని చెప్పు, ఏడవనులే."

అక్క నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది.

"తన దిష్టికి తనే పెట్టుకుంటార్రా ఎవురన్నా? యాడన్నా చూసినావా? ఇంగొకరు పెట్టల్ల. ఎవురన్నా పెడతారేమోనని నేనూ చూస్తానే ఉంటి."

ఇన్ని రోజులు ఆమె నా కోసం, నేను ఆమె కోసం ఎదురుచూస్తూ కూర్చున్నామన్నమాట. లోపలికి పరిగెత్తి కాటుక డబ్బా తెచ్చాను. ఉంగరపు వేలితో అద్దాను. వేలి నిండా అంటింది. టెంపో కదలబోతోంది. బొమ్మలో అక్క బుగ్గ మీద పెట్టేశాను. అది చూసేలోపే ఎవరో గేటు దగ్గర పాలకు పిలిస్తే అక్క వెళ్ళిపోయింది.

పరీక్షకుడు బయటి ఊరి నుంచి వచ్చినాయన. కన్నడంలో మెల్లగా మాట్లాడుతాడు. నా గోడ దగ్గరికి వచ్చి, ముందు పరిచయపు అట్ట చదివాడు. తరవాత చుక్కలు చూశాడు. 'ఎండిన చెరువు'కు చుక్క ఎందుకు లేదని అడగలేదు, దాని ముందు అసలు ఆగలేదు. నందికొండ దగ్గరా అంతే. అక్క బొమ్మ ముందు నిలబడ్డాడు. మేడమ్ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది, నేను నోరు జారకుండా ఉండాలని మొక్కుకున్నట్టుగా.

"మిగతా చుక్కలు అలవాటైన చెయ్యి పెట్టినట్టున్నాయి" అన్నాడాయన. "ఇది వేరు. ఇది చూస్తే ఏదో ఇబ్బందిగా ఉంది. ఏమిటిది?"

అట్టలో ఉన్న మాట అప్పజెబితే సరిపోయేది. అది నాకు నిద్రలో కూడా వచ్చు. కానీ ఆ పొద్దు టెంపో దగ్గర అక్క అన్నది ఇంకా చెవుల్లోనే ఉంది.

"సార్, అవన్నీ మా అక్క పెట్టింది. దిష్టి తగలకుండా. ఆవు పాలు తగ్గినాయని మొదలుపెట్టింది. ఇది మటుకు నేను పెట్టినా. తన దిష్టికి తను పెట్టుకోగూడదంట. ఈ పొద్దే తెలిసింది, టెంపో ఎక్కేటప్పుడు."

ఆయన నవ్వాడు. చాలా బాగా నవ్వాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మేడమ్ కూడా నవ్వింది. "ఈయన ఎప్పుడూ ఇట్లే సార్, కతలు చెప్తాడు. మొదట్లో నేనే దిష్టి చుక్కా అని అడిగితే కాదు, అంత తేలిగ్గా తీసుకోవద్దన్నాడు."

"అమ్మతోడు సార్" అన్నాను.

"చాలా బాగా చెబుతారు" అన్నాడాయన, ఏదో రాసుకుని పక్క గోడకు వెళ్ళిపోయాడు. జీవితంలో అన్ని అబద్ధాలు నమ్మించినవాణ్ణి, ఒక్క నిజం పట్టుకుని ఆ గోడ దగ్గర ఎంతసేపు నిలబడ్డానో. బొమ్మ బాగుందన్నాడా? ఇబ్బందిగా ఉందన్నాడు. అది మెప్పా, తిట్టా? బాగా చెబుతారన్నాడు. అంటే వేయడం రాదనా?

ఫలితాంశ వచ్చింది. పాసయ్యాను. అంకపట్టీ మీద మార్కులున్నాయి గాని, మార్కులు ఏ బొమ్మకు ఎన్నో విడివిడిగా ఉండవు. మేడమ్ ఫోన్ చేసి, "ఆ అరికాళ్ళ బొమ్మను మీరు అమ్మొద్దప్పా" అంది. ఎందుకో అడిగేలోపు సిగ్నల్ పోయింది. మా ఇంటామె ఫోన్లో విని, "ఇది గూడా కతేనా, నిజమేనా?" అంది. అంకపట్టీ ఫోటో తీసి పంపిస్తేగాని నమ్మలేదు. పంపాక కూడా బోర్డులు రాసే చెయ్యి కదా, అదీ రాసుకున్నావేమో అంది.

బొమ్మలన్నీ మండికల్లుకు తెచ్చి అరుగు మీద వరసగా పెట్టాను. అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తన బొమ్మ ముందు నిలబడింది. అప్పుడే మొదటిసారి ఆ చుక్క చూడడం.

"ఒరే! బుగ్గ మింద పెడ్తివా?"

"ఏం?"

"బుగ్గ మింద పసిపిల్లోళ్ళకి కదరా పెట్టేది! పెద్దోళ్ళకి అరికాల్లో పెట్టల్ల. అరికాళ్ళు అంతంత వేసినావే, ఆడ చోటే లేదా నీకు?" నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మనవరాలు పుట్టే వయసులో నన్ను చంటిబిడ్డను చేసి ఊరంతా చూపించొస్తివి. ఆ సారెవురో నవ్వినాడంటే నవ్వడా మరి!"

కొంగు తడిపి బొమ్మ బుగ్గ తుడిచింది. కాటుక అప్పటికే రంగులోకి ఇంకింది కాబట్టి చుక్క పోయి, ఆ చోట బూడిద రంగు మచ్చ మిగిలింది. నేను కాటుక తెచ్చి అరికాల్లో, లోతైన పగులు పక్కన పెట్టాను. ఈసారి తొందరేమీ లేదు. "ఇప్పుడన్నా చెప్పక్కా, బాగుండాదా?" అని అడిగాను.

ఆమె జవాబు చెప్పబోయింది. చెప్పబోయిందనే నా నమ్మకం. అంతలో పక్కింటామె మజ్జిగకని గిన్నె పట్టుకుని గేటు తీసింది. అక్క ఒక్క అంగలో అరుగు ఎక్కి, తన బొమ్మను పట్టుకుని గోడ వైపుకు తిప్పేసింది. ఆవును, దూడను, బావ పొట్టను అలాగే వదిలేసింది.

"ఏందమ్మా అది, తిప్పి పెడ్తాండావు?" అంది పక్కింటామె.

"ఏం లేదులే, తమ్ముడు గీసింది" అంది అక్క, బొమ్మకు అడ్డంగా నిలబడి.

సిగ్గుపడి తిప్పిందో, దిష్టికి భయపడి తిప్పిందో నాకు అర్థం కాలేదు. మజ్జిగ పోసుకుని ఆమె వెళ్ళిపోయిన తరవాత కూడా అక్క దాన్ని ఇటు తిప్పలేదు. ఇప్పటికీ అది గోడ వైపే చూస్తోంది. ఇంట్లో మేమే ఉన్నప్పుడు ఒక్కోసారి అక్క దాన్ని ఇటు తిప్పి పెట్టి, ఎదురుగా కూర్చుని టీ తాగుతుంది.